అడ్వాన్సు తీరేదాకా ఆమె కదలకూడదట... ఆ ఫారం మీద నేను సంతకం పెట్టాలా?

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు రాశారు. తన పేరు, సంస్థ పేరు బయటికి రాకూడదన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైనంత వరకు ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె ఒక చిన్న కళాసంస్థలో మేనేజరు. నాట్యోత్సవాలు, ప్రదర్శనలు, ఒక గ్యాలరీ, దానికి ఆనుకుని ఒక షాపు ఉన్నాయి. షాపులో బాగా పోయేది శ్రీకాళహస్తి కలంకారీ. ఈ మధ్య బ్రిటన్‌లోని ఒక పెద్ద కళాకేంద్రం తమ షాపుకి కలంకారీ తెరలు కావాలని ఆర్డరిస్తూ, దాంతోపాటు ఒక ఫారం పంపింది. తయారీలో ఏ దశలోనూ బలవంతపు చాకిరీ, బాకీ కింద పని, పిల్లలతో పని లేవని అందులో హామీ ఇవ్వాలి. సంతకం పెట్టాల్సింది ఈమే.

పెట్టేముందు ఒకసారి చూసొద్దామని, తమకు సరుకిచ్చే మేస్త్రి వర్క్‌షాపుకి శ్రీకాళహస్తి వెళ్లారు. అక్కడ రంగులు నింపే ఒకామె మూడేళ్ల కిందట భర్త ఆపరేషన్ కోసం మేస్త్రి దగ్గర 80 వేలు అడ్వాన్సు తీసుకుంది. "లెక్కంతా నోటుబుక్కులో ఉంది. మేస్త్రి అన్నే తెరిచి చూపించాడు. ప్రతి శనివారం కూలిలో కొంత కోత. మధ్యమధ్యలో పండక్కని, స్కూలు ఫీజుకని మళ్లీ తీసుకున్నవి. ఇప్పటికి బాకీ 71 వేలు. ఆమెకి చదవడం రాదు, పేజీ చివర వేలిముద్ర ఉంది. వేరేచోట మీటరుకి ఎక్కువిస్తామన్నారని పోబోతే, 'బాకీ కట్టేసి యాడికైనా పో' అన్నాడట అన్న. పదో తరగతి చదివే కూతురు సాయంత్రాలు, ఆదివారాలు వచ్చి రంగులు నింపుతోంది. ఎందుకమ్మా అంటే 'అమ్మ బాకీ తొందరగా తీరిపోతాది గదా మేడమ్' అంది."

డైరెక్టర్ గారికి చెబితే, "ఆ ఊర్లో అడ్వాన్సు ఇయ్యకుండా ఎవరు పనికొస్తారు? ముప్పై ఏండ్లుగా తెలిసిన మనిషి. సంతకం పెట్టి పంపించమ్మా" అన్నారు. ఉత్తరం చివర ఆమె ఇలా రాశారు: "మేస్త్రి అన్న చెడ్డవాడు కాదు. నిజానికి మేమే ఆయనకి బిల్లులు సరిగ్గా కట్టం. గ్రాంటు వచ్చాక, మూడు నాలుగు నెలలకి కడతాం. ఫిర్యాదు చేస్తే ఆయన జైలుకి పోతాడేమో, ఆమె రోడ్డున పడుతుందేమో. సంతకం పెట్టాలంటే చెయ్యి రావడం లేదు. పెట్టకపోతే ఆర్డరు, దాంతోపాటు నా ఉద్యోగం. ఏం చేయమంటారు?"

అమ్మా,

ఇలాంటి ఫారాలు చాలా ఆఫీసుల్లో కుర్చీలోంచి లేవకుండానే పూర్తవుతాయి. మీరు బస్సెక్కి వెళ్లి చూశారు కాబట్టే ఈ టెన్షన్. సంతకం, మేస్త్రి మంచితనం, ఆమె బతుకు, మీ ఉద్యోగం అన్నీ ఒకే ముడిలో పడిపోయాయి. ఒక్కొక్కటీ విడదీసి చూద్దాం.

అడ్వాన్సు ఇవ్వడం నేరం కాదు, తీసుకోవడం అసలే కాదు. 1976 నాటి వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం చూసేది వేరే విషయం. అడ్వాన్సు తీసుకున్న మనిషి దానికి బదులుగా ఏం పోగొట్టుకుంది? కనీస వేతనం కంటే తక్కువకి పనిచేస్తోందా? వేరేచోట పనికి పోయే స్వేచ్ఛ పోయిందా? ఊరు కదిలే స్వేచ్ఛ పోయిందా? తను చేసినదాన్ని మార్కెట్ ధరకి అమ్ముకునే హక్కు పోయిందా? వీటిలో ఏ ఒక్కటున్నా చాలు. గదికి తాళం వేయనక్కర్లేదు, కొట్టనక్కర్లేదు. పనిచేసేది బాకీపడ్డ మనిషే కానక్కర్లేదు కూడా. వాళ్లింట్లో మనిషి వచ్చి చేసినా చట్టం దృష్టిలో అంతే.

మీ ఉత్తరం చదువుతూ నేను ఆగింది "బాకీ కట్టేసి యాడికైనా పో" దగ్గర. అప్పిచ్చినవాడు అప్పు అడగొచ్చు. కొత్తచోట పనిచేసుకుంటూ నెలనెలా కడతానంటే సరేననాలి. 71 వేలు ఒక్కసారిగా చేతిలో పెడితేనే కదలనిస్తానంటే, అంత డబ్బు ఆమె దగ్గర ఉండదని ఇద్దరికీ తెలుసు కాబట్టి, ఆ మాటకి అర్థం పోవద్దనే.

కూలి లెక్క కూడా ఒకసారి తీయండి. మీటరు రేటు వింటే ఫరవాలేదనిపిస్తుంది. కానీ కలంకారీలో మీటరు గుడ్డ ఒక్క రోజులో తయారవదు. గుడ్డని కరక్కాయ, గేదెపాలలో ముంచి ఎండబెట్టాలి. కసిం అనే నల్లరంగుతో గీతలు పడ్డాక, ఎరుపు రావాల్సిన చోట పటిక అద్దాలి, రంగులో ఉడకబెట్టాలి, పారే నీళ్లలో జాడించాలి, ఆరాలి, ఆ తర్వాతే పసుపు, నీలం. వాన పడితే పని ఆగుతుంది. స్వర్ణముఖిలో నీళ్లు లేకపోయినా ఆగుతుంది. ఆగిన రోజులకి మీటరు రేటులో పైసా ఉండదు. అందుకని ఆమె వర్క్‌షాపుకి వచ్చిన రోజులన్నీ లెక్కేసి, కోతకి ముందున్న కూలిని వాటితో భాగించి చూడండి. వచ్చిన అంకె కనీస వేతనం కంటే తక్కువైతే, "ఇష్టపడే చేస్తోంది కదా" అన్న మాట నిలవదు. ఢిల్లీ ఏషియన్ గేమ్స్ నిర్మాణ కార్మికుల కేసులో 1982లో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. గతిలేక కనీస వేతనం కంటే తక్కువకి ఒప్పుకున్నా, అది రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన బలవంతపు చాకిరీయే అంది.

ఇది వెట్టి అని తీర్పు చెప్పే అధికారం మీకూ నాకూ లేదు. అది తేల్చాల్సింది కలెక్టరు, ఆర్డీవో. కానీ తాను వెట్టిలో ఉన్నానని ఆమె చెబితే, కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినవాడే. ఆ చట్టం 15వ సెక్షన్ అలా రాసి పెట్టింది. వేలిముద్ర ఉన్న ఆ పేజీ మేస్త్రికి అండ అవుతుందనుకోకండి.

మేస్త్రి మంచివాడంటున్నారు. నమ్ముతున్నాను. ఆపరేషన్ రోజు 80 వేలు తెచ్చిచ్చింది ఆయనే. ఏ బ్యాంకూ ఇవ్వలేదు, మీ సంస్థా ఇవ్వలేదు. కానీ మనిషి మంచివాడైనంత మాత్రాన ఏర్పాటు మంచిదైపోదు. 25 వేల బాకీకి తొమ్మిదేళ్ల కొడుకుని యజమాని దగ్గర తాకట్టులా వదిలి వెళ్లాల్సి వచ్చిందన్న కేసు 2025లో మన తిరుపతి జిల్లాలోనే బయటపడింది. ఆ పిల్లాడు ప్రాణాలతో తిరిగి రాలేదు. మీ మేస్త్రిని ఆ వరసలో నిలబెట్టడం లేదు. ఇక్కడ అందరూ ఇంతేనని డైరెక్టర్ గారంటున్నారు కదా, పెద్దల బాకీకి పిల్లల్ని ముడివేసే అలవాటు ఎంత దూరం పోగలదో ఆయనకి తెలియాలి.

ఇప్పుడు మీకు అంతగా రుచించని మాట. ఆ నోటుబుక్కు మొదటి పేజీ మీ ఆఫీసులోనే ఉంది. గుడ్డ, కరక్కాయ, రంగులు, ప్రతి శనివారం కూలి ఇవన్నీ మేస్త్రి ముందుగా పెట్టుకోవాలి. మీ డబ్బు వచ్చేది నాలుగు నెలలకి. ఈలోగా ఆయన ఎక్కడో ఒకచోట వడ్డీకి తెస్తాడు. చేయి తిరిగిన మనిషి ఆర్డరు మధ్యలో వెళ్లిపోతే ఆ వడ్డీ తన నెత్తిన పడుతుందని భయం. ఆ భయంలోంచే "బాకీ కట్టేసి పో" అన్న మాట వస్తుంది. దీనికి మీ సంస్థ చట్టం ప్రకారం కూడా జవాబుదారీయే. చిన్న పరిశ్రమల నమోదుకున్న ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో ఆయన నమోదై ఉంటే, 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం సరుకు అందిన 45 రోజుల లోపు డబ్బు కట్టాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడింతల చక్రవడ్డీ. బిల్లు మూడు నెలలు ఆపి, పైగా ఆయన నైతికత గురించి ఫారం నింపడం బాగుండదు.

సరే, మీ ముందున్న దారులు.

కళ్లు మూసుకుని సంతకం పెట్టేస్తే ఏమవుతుంది? నిజం చెప్పాలంటే, చాలాసార్లు ఏమీ కాదు. ఆర్డరు వెళ్తుంది, డబ్బు వస్తుంది. ఏమైనా అయిన రోజు మాత్రం, తెలిసి కూడా సంతకం పెట్టింది మీరే అవుతారు. శ్రీకాళహస్తి వెళ్లొచ్చిన బస్సు టికెట్టు మీ ఆఫీసు వోచర్లలోనే ఉంటుంది కదా. డైరెక్టర్ గారి మాట ఫోన్లోనో వరండాలోనో అన్నది, కాగితం మీద లేదు.

వేరే మేస్త్రిని చూసుకుంటే? చేతులు శుభ్రంగా ఉన్నట్టే కనిపిస్తాయి. కానీ ఆర్డరు పోయిన వర్క్‌షాపులో ముందు తగ్గేది రంగులు నింపేవాళ్ల పని. బాకీ అలాగే ఉంటుంది, కూలి ఉండదు. కొత్త మేస్త్రి దగ్గరా ఇంకో నోటుబుక్కు ఉండదని ఎవరు చెప్పారు? ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి 2011లో ఆమోదించిన వ్యాపార మార్గదర్శక సూత్రాలు చెప్పేదీ ఇదే. తప్పు కనిపించగానే తెంచుకుని పోవద్దు, ముందు మీ పలుకుబడి వాడి సరిదిద్దే ప్రయత్నం చేయండి, తెంచుకుంటే అవతలివాళ్లకి జరిగే నష్టం కూడా లెక్కలోకి తీసుకోండి అంటాయి.

మూడో దారి, ఉన్నది ఉన్నట్టు రాయడం. ఇక్కడ మీకు పనికొచ్చే ఒక సంగతి ఉంది. బ్రిటన్ వాళ్లు ఆ ఫారం పంపడానికి కారణం వాళ్ల 2015 నాటి ఆధునిక బానిసత్వ చట్టం. ఏడాదికి 3 కోట్ల 60 లక్షల పౌండ్లు, ఆపైన టర్నోవర్ ఉన్న సంస్థలు తమ సరఫరాల్లో బానిసత్వం లేకుండా ఏమేం చర్యలు తీసుకున్నాయో ఏటా ప్రకటన ఇవ్వాలని 54వ సెక్షన్ చెబుతుంది. అంత పెద్దవి కానివి కూడా కొన్ని అదే పద్ధతి పాటిస్తుంటాయి. చిత్రమేమిటంటే, సరుకులో మచ్చ లేదని ప్రమాణం చేయమని ఆ సెక్షన్ ఎక్కడా అడగదు. తీసుకున్న చర్యలు చెప్పమంటుంది, ఏమీ తీసుకోకపోతే ఆ మాటే చెప్పమంటుంది. కాబట్టి మచ్చ లేదన్న మీ సంతకం కంటే, "ఇక్కడ ఇది కనబడింది, ఇలా సరిచేస్తున్నాం" అన్న మీ ఉత్తరం వాళ్ల ప్రకటనకి ఎక్కువ పనికొస్తుంది.

ఏం రాయాలంటే: "మేం స్వయంగా వెళ్లి చూశాం. ఒకచోట అడ్వాన్సు వల్ల పని మారే స్వేచ్ఛ లేని పరిస్థితి కనబడింది. మైనరు ఒకరు పనిలో ఉన్నారు. ఫలానా నెలలోగా ఈ మార్పులు చేయిస్తాం. మా చెల్లింపుల ఆలస్యం కూడా ఇందుకు కారణం, దాన్నీ మారుస్తున్నాం. ఆర్డరు విలువలో సగం ముందుగా ఇస్తే ఇది సాధ్యం." ఆమె పేరు, వర్క్‌షాపు గుర్తులు రాయొద్దు. ముందస్తు అడగడానికి మొహమాటపడొద్దు. నియమాలు పంపించే కొనుగోలుదారులు డబ్బు కూడా ముందు పంపించొచ్చు. వాళ్లు భయపడి ఆర్డరు వెనక్కి తీసుకునే అవకాశం ఉంది, అది లేదని చెప్పను. అప్పుడు మీకు కనీసం వాళ్ల ఫారం ఎందుకోసమో తెలుస్తుంది.

ఇవన్నీ మొదలుపెట్టేముందు ఆమెతో మాట్లాడారా? ఉత్తరంలో మేస్త్రి మాట ఉంది, డైరెక్టర్ మాట ఉంది, పిల్ల మాట కూడా ఉంది. ఆమెకి ఏం కావాలో ఒక్క ముక్క లేదు. వర్క్‌షాపులో కాకుండా, నోటుబుక్కు పక్కన లేనప్పుడు, మీరొక్కరే కలవండి. బయటికి పోవాలనుందా, అక్కడే ఉండి మంచి రేటు కావాలా, ముందు పిల్లని ఆ పని నుంచి తప్పించాలనుందా? డ్వాక్రా సంఘంలో ఉందా, అక్కడ లోను దొరుకుతుందా అదీ కనుక్కోండి. ఆమె వద్దన్న పని ఆమె మేలు కోసమని చేయకండి.

మేస్త్రితో మాట్లాడేటప్పుడు జైలు మాటతో మొదలుపెట్టొద్దు. పనివాళ్ల ముందు అసలొద్దు. మీవైపు నుంచి ఇచ్చేది ముందు చెప్పండి: ఆర్డరుతోపాటు సగం డబ్బు, మిగతాది 45 రోజుల్లో, మీటరు రేటు పెంపు. బదులుగా అడగాల్సినవి: ప్రతి మనిషికీ వాళ్ల లెక్క కాగితం వాళ్ల చేతిలో, పని మారతామంటే అడ్డు చెప్పకపోవడం, ఆగిన రోజులకి కూలి. లెక్క కాగితం చిన్న విషయం అనిపిస్తుంది కానీ, ఇప్పుడున్న లెక్క ఒక్క మేస్త్రి చేతిరాత. ఆమె చదవలేదు, ఎవరిచేతా చదివించుకోలేదు. కూతురు చదవగలదు. నెలకోసారి ఆ కాగితం ఇంటికి చేరితే ఏ కోత ఎందుకో అడిగే దారి ఏర్పడుతుంది.

బాకీ మాత్రం జాగ్రత్త. "మా సంస్థే 71 వేలు కట్టేస్తే పోలా" అని మీకు తప్పకుండా అనిపిస్తుంది. మంచి మనసుతో వచ్చే ఆలోచనే. కానీ కట్టిన మర్నాడు డైరెక్టర్ గారు "మనం కట్టాం కాబట్టి మన ఆర్డర్లే చేయాలి" అంటారు. నోటుబుక్కు ఊరు మారుతుంది, అంతే. ఇంకో సంగతి, అది వెట్టి బాకీ అని తేలితే చట్టం దృష్టిలో ఆ బాకీయే లేదు. 6వ సెక్షన్ దాన్ని రద్దు చేస్తుంది. రద్దయిన బాకీ కింద డబ్బు పుచ్చుకోవడం మళ్లీ నేరం, మూడేళ్ల దాకా శిక్ష ఉంది. అందుకని బాకీ వదులుకునేది మేస్త్రే కావాలి. ఆ నష్టం భరించేలా రేటు పెంచగలిగితే పెంచండి, కానీ ఆ రేటు అందరికీ వర్తించాలి, ఏ మనిషికీ ముడిపెట్టకూడదు.

ఇక ఫిర్యాదు. కొట్టడం, ఫోన్ లాక్కోవడం, ఇంటికి పోనివ్వకపోవడం, పిల్లని బడి మాన్పించడం లాంటివి ఒక్కటి కనబడినా మాటలతో కాలయాపన చేయొద్దు. నేరుగా శ్రీకాళహస్తి ఆర్డీవోకో జిల్లా కలెక్టరుకో రాతపూర్వకంగా ఇవ్వండి. పిల్లల విషయమైతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098. వెట్టిలో చిక్కినవాళ్లకి న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరుని ఇస్తుంది, నంబరు 15100. వెట్టి నుంచి విముక్తి అయినట్టు అధికారులిచ్చే విడుదల పత్రం వస్తే బాకీ పోతుంది. కేంద్ర పునరావాస పథకం కింద తక్షణ సాయం 30 వేల వరకు, మొత్తం సాయం పురుషులకి లక్ష, స్త్రీలకీ పిల్లలకీ 2 లక్షలు, తీవ్రమైన కేసుల్లో 3 లక్షలు. అయితే పెద్ద మొత్తం విచారణ ముగిశాకే చేతికొస్తుంది. ఈలోగా ఊళ్లో మిగతా మేస్త్రులు ఆమెని పనికి పిలుస్తారా అన్నది కూడా ఆలోచించాల్సిందే. ఈ రెండు వైపులూ ఆమెకి చెప్పి, నిర్ణయం ఆమెకే వదలండి.

పిల్ల విషయంలో మాత్రం ఎవరి నిర్ణయం కోసమూ ఆగక్కర్లేదు. కలంకారీ ఇళ్లలో పిల్లలు నాన్న పక్కన కూర్చుని కలం పట్టడం నేర్చుకుంటారు, చట్టానికి దానితో పేచీ లేదు. బడి అయ్యాక ఇంటి పనిలో చేయి వేయనిస్తుంది. ఇది ఇంటి పని కాదు, అప్పిచ్చినవాడి వర్క్‌షాపు, చేసేది అమ్మ బాకీ కోసం. పద్దెనిమిది నిండని పిల్లల్ని పని కోసం కట్టుబానిసగా ఉంచుకోవడం, వాళ్ల సంపాదన పట్టేయడం బాలల న్యాయ చట్టం 79వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు. మేస్త్రికి ఈ ఒక్క విషయం స్పష్టంగా చెప్పండి. వచ్చే ఆదివారం నుంచి ఆ అమ్మాయి రాకూడదు, ఆమె రాని పనికి తల్లి లెక్కలో కోత పడకూడదు.

ఒక పక్కమాట. శ్రీకాళహస్తి దాకా వెళ్లారు కదా, మీ గ్యాలరీ గేటు దగ్గర వాచ్‌మన్ ఏటీఎం కార్డు ఎవరి దగ్గరుందో అడిగారా? హాలు ఊడ్చే ఆడవాళ్ల జీతం కాంట్రాక్టరు ఎంత పట్టుకుని ఇస్తున్నాడు? ఉత్సవాలకి స్టేజీ కట్టే కుర్రాళ్ల ఆధార్ కార్డులు వాళ్లని తెచ్చే మేస్త్రి జేబులో ఉంటున్నాయా? కలంకారీకి వచ్చే గుడ్డ ఏ మగ్గం మీద నేశారో, ఆ నూలు ఏ మిల్లుదో కూడా అడగాల్సిన రోజు వస్తుంది. మూడేళ్లు పనిచేస్తే చివర్లో పెళ్లికి మొత్తంగా డబ్బిస్తామని ఆడపిల్లల్ని హాస్టళ్లలో ఉంచే పద్ధతి తమిళనాడు నూలు మిల్లుల్లో ఎన్నో ఏళ్లు నడిచింది. అన్నీ ఒకేసారి ఎత్తుకోవద్దు. గేటు దగ్గర మొదలుపెట్టండి, అదైతే బస్సు కూడా అక్కర్లేదు.

చివరగా మీ ఉద్యోగం. పోదని హామీ ఇవ్వలేను. తగ్గించుకోవడానికి కొంత చేయొచ్చు. డైరెక్టర్ గారికి మెయిల్ పెట్టండి. కోపం, ఆవేదన వద్దు, చూసింది మాత్రమే. ఏ తేదీన వెళ్లారు, ఏం చూశారు, ఫారంలో ఉన్న మాటల మీద ఎందుకు సంతకం పెట్టలేరు, బదులుగా ఏం పంపుదామంటున్నారు. ట్రస్టు బోర్డు ఉంటే ఆ ఉత్తరం బోర్డు ముందుకి వెళ్లాలని కోరండి. ఆయన "ఫోన్లో మాట్లాడుకుందాం" అంటే మాట్లాడండి, తర్వాత "మీరు చెప్పింది ఇదీ" అని మళ్లీ ఒక మెయిల్ పెట్టండి. అప్పటికీ పంపించాల్సిందే అంటే గొడవ పడకుండా, సంతకం గడిలో మీ పేరు తీసేసి ఆయన పేరు టైపు చేసి, ప్రింటు తీసి ఆయన టేబుల్ మీద పెట్టండి. ఫారం మొత్తం చదవడం ఆయన అప్పుడు మొదలుపెడతారు.